లక్షణమే రోగమా? హోమియోపతి సూత్రాలు, వాటికి ఎదురైన పరీక్షలు

హోమియో మందుల దుకాణంలో నక్స్ వామికా పేరుతో పేర్చి ఉన్న సీసాల మీద 30, 200, 1000 అని అంకెలు కనిపిస్తాయి. ఇంగ్లీషు మందులకు అలవాటుపడినవారు, 250 మిల్లీగ్రాముల మాత్ర కంటే 500 మిల్లీగ్రాముల మాత్రలో మందు ఎక్కువ ఉన్నట్లే ఇక్కడా అంకె పెరిగేకొద్దీ మందు పెరుగుతుందని అనుకోవడం సహజమే గాని, నిజానికి అంకె పెరిగేకొద్దీ సీసాలోని అసలు పదార్థం తగ్గుతూ పోతుంది, హోమియో వైద్యుల లెక్కలో మాత్రం మందు బలం పెరుగుతూ పోతుంది. ఆ అసలు పదార్థమైనా అల్లాటప్పా సరుకు కాదు. తూర్పు కనుమల అడవుల్లోనూ కనిపించే ముషిడి చెట్టు గింజలే నక్స్ వామికా. వాటిలోని స్ట్రిక్నిన్ అనే విషం కొద్ది మోతాదులోనే కండరాలను బిగదీసి, మూర్ఛలు తెప్పించి, ప్రాణం తీయగలదు. అంతటి విషం చంటిపిల్లల నాలుక మీద వేయగల తీపి గుళికగా ఎలా మారింది, అలా మారాక అందులో మిగిలినదేమిటి అనే రెండు ప్రశ్నలను పట్టుకుని వెళితే హోమియోపతి సిద్ధాంతం దాదాపు మొత్తం అర్థమవుతుంది.

నెత్తురు తీయడమే వైద్యమైన రోజులు

హోమియోపతిని స్థాపించిన సామ్యూల్ హానిమాన్ 1755 ఏప్రిల్ 10న జర్మనీలోని మైసెన్ పట్టణంలో, పింగాణీ పాత్రల మీద బొమ్మలు వేసే చిత్రకారుడి ఇంట పుట్టి, 1779లో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పొందాడు. ఆనాటి ఐరోపా వైద్యంలో జ్వరమైనా, న్యుమోనియా అయినా, మతిభ్రమణమైనా ముందుగా చేసే పని నరం కోసి నెత్తురు తీయడం, లేదా జలగలు పట్టించడం. ఆపైన గట్టి విరేచనాలు, వాంతులు, పాదరస లవణాలు. 1792లో పవిత్ర రోమన్ చక్రవర్తి రెండవ లియోపోల్డ్ చనిపోయినప్పుడు, వైద్యులు పదేపదే నెత్తురు తీయడాన్ని హానిమాన్ పత్రికాముఖంగా దుయ్యబట్టాడు. అప్పటికే ఆయన వైద్యవృత్తి మీద విసిగిపోయి, గ్రంథాలు అనువదిస్తూ పొట్టపోసుకునే స్థితికి వచ్చాడు.

మలుపు తెచ్చినది కూడా ఒక అనువాదమే. స్కాట్లండ్ వైద్యుడు విలియం కలెన్ రాసిన ఔషధ గ్రంథాన్ని 1790లో జర్మన్‌లోకి తెస్తుండగా, చలిజ్వరానికి సింకోనా బెరడు పనిచేయడానికి కారణం దాని చేదు, వగరు గుణాలేనన్న వాదన ఆయనకు మింగుడుపడలేదు. అంతకంటే చేదైన పదార్థాలు జ్వరాన్ని ఎందుకు తగ్గించడం లేదన్నది ఆయన సందేహం. ఆరోగ్యంగా ఉన్న తానే కొన్ని రోజులపాటు రోజుకు రెండుసార్లు సింకోనా పొడి తీసుకుని చూడగా, కాళ్ళు చేతులు చల్లబడడం, గుండె దడ, వణుకు, దాహం వంటి చలిజ్వర లక్షణాలు కనిపించాయని, మానగానే తగ్గాయని రాసుకున్నాడు. ఆరోగ్యవంతుడిలో జ్వరలక్షణాలు పుట్టించగల పదార్థమే జ్వరపీడితుడిలో ఆ లక్షణాలను పోగొడుతున్నదన్న ఊహ అక్కడ మొలకెత్తి, 1796లో ఒక వైద్యపత్రికలో వ్యాసంగా, 1810లో ‘ఆర్గనాన్’ అనే గ్రంథంగా బయటికి వచ్చింది.

సదృశ సూత్రం: ఉల్లిపాయ, జలుబు

పోలికను పోలికతోనే నయం చేయాలన్నది హోమియోపతి మొదటి సూత్రం. ఉష్ణం ఉష్ణేన శీతలం అనే నానుడి తెలుగువారి నోట ఎప్పటినుంచో ఆడుతున్నది గనుక, ఈ సూత్రం ఇక్కడివారికి కొత్తగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. సూత్రాన్ని ఆచరణలో పెట్టాలంటే ఏ పదార్థం ఏ లక్షణాలను పుట్టిస్తుందో ముందు తెలియాలి కాబట్టి, హానిమాన్ తన మీద, కుటుంబసభ్యుల మీద, శిష్యుల మీద అనేక పదార్థాలను ప్రయోగించి, తలనొప్పి నుంచి కలల దాకా కనిపించిన ప్రతి మార్పునూ నమోదు చేయించాడు. ఈ ప్రయోగాలను హోమియో పరిభాషలో ప్రూవింగ్ అంటారు. రోగికి ఇచ్చే ముందు మందును మనుషుల మీద క్రమపద్ధతిలో పరీక్షించాలన్న పట్టుదల ఆ కాలానికి చాలా ముందున్నదని ఒప్పుకోవలసిందే.

ఉల్లిపాయతో తయారయ్యే ఏలియం సీపా అనే మందు ఈ సూత్రానికి సులువైన ఉదాహరణ. ఉల్లి తరిగేటప్పుడు కళ్ళ వెంట నీరు కారుతుంది, ముక్కు మండి కారుతుంది. కాబట్టి అవే లక్షణాలున్న జలుబుకు ఉల్లి మందు అవుతుందని హోమియోపతి చెబుతుంది. అయితే అన్ని జలుబులకూ అదే మందు కాదు. హోమియో వైద్యుడు చూసేది రోగం పేరును కాదు, రోగి లక్షణాల మొత్తాన్ని. ఇద్దరికి కీళ్ళనొప్పులే ఉన్నా, కదిలితే నొప్పి ఎక్కువై కదలకుండా పడుకుంటే హాయిగా ఉండే మనిషికి బ్రయోనియా, లేచిన మొదట బిగుసుకుపోయి నాలుగడుగులు వేసేకొద్దీ సడలే మనిషికి రస్ టాక్స్ రాస్తారు. దాహం ఎంత, చలి పడదా ఎండ పడదా, బాధ కుడివైపా ఎడమవైపా, ఏ వేళకు ఎక్కువవుతుంది, కోపం వస్తే ఏమవుతుంది అంటూ సాగే విచారణకు గంట పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు.

ఇంతగా లక్షణాలను ఆశ్రయించడానికి కారణం ఉంది. శరీరం లోపల రోగం ఎలా పుడుతుందో తెలుసుకోవడం మనిషి వల్ల కాని పని అని, బయటికి కనిపించే లక్షణాల సముదాయమే వైద్యుడికి తెలియగల రోగమని హానిమాన్ భావించాడు. సూక్ష్మజీవుల వల్ల రోగాలు వస్తాయన్న విషయం రుజువు కావడానికి అర్ధశతాబ్దానికి పైగా సమయం ఉన్న రోజుల్లో, తెలియని కారణాల గురించి కట్టుకథలు అల్లడం కంటే ఈ వైఖరి నిజాయితీ గలదే. కాని లక్షణం వేరు, దాని వెనుక ఉన్న కారణం వేరు. ఉల్లిని కోసినప్పుడు దాని కణాలు చిట్లి గంధకం కలిసిన ఒక ఘాటు వాయువు వెలువడుతుంది. అది కంటిని తాకగానే, మంటను కడిగేయడానికి కన్నీరు ఊరుతుంది. జలుబులో ముక్కు కారడానికి కారణం వైరస్. రెండుచోట్లా కారేది నీరే అయినా, ఒకదాని సంగతి రెండవదానికి తెలియదు.

బాక్స్: టీకా కూడా సదృశ చికిత్సేనా?
ఎడ్వర్డ్ జెన్నర్ మశూచికి ఆవుమశూచితో టీకా వేసినది కూడా 1796లోనే. అందువల్ల టీకాలను హోమియోపతికి రుజువుగా చూపడం పరిపాటి అయింది. టీకాలో రోగకారక క్రిమికి చెందిన భాగమో, బలహీనపరచిన క్రిమియో కొలవగలిగినంత మోతాదులో ఉంటుంది. దానిని గుర్తుపట్టిన రక్షణవ్యవస్థ తయారుచేసే ప్రతిరక్షకాలను నెత్తురు పరీక్షలో లెక్కించవచ్చు. పైగా టీకా రోగం రాకముందు వేసేది, రోగానికి మూలమైన క్రిమిని బట్టి ఎంచేది. లక్షణాల పోలికకు అందులో చోటు లేదు.

పలుచన చేయడం, కుదపడం

విషపదార్థాలను మామూలు మోతాదులో ఇచ్చినప్పుడు రోగులకు బాధ ముందు పెరుగుతున్నదని గమనించిన హానిమాన్, మోతాదు తగ్గిస్తూ పోయాడు. ఇంతవరకు ఎవరైనా చేసే పనే. అయితే మందును పలుచన చేసే ప్రతి దశలోనూ సీసాను గట్టిగా కుదిపితే, పదార్థం తగ్గినా దానిలోని ఔషధశక్తి మేల్కొని పెరుగుతుందన్న నిర్ణయానికి ఆయన రావడంతో హోమియోపతి తక్కిన వైద్యాల నుంచి పూర్తిగా విడిపోయింది. పొటెన్సీ అనే మాటకు మూలం ఇదే.

తయారీ ఇలా జరుగుతుంది. మొక్కనో, గింజనో సారాయిలో నానబెట్టి తీసిన మూలద్రవాన్ని మదర్ టింక్చర్ అంటారు. దానిలో ఒక చుక్కను 99 చుక్కల నీరు లేదా సారాయిలో వేసి, తోలు అట్ట వేసిన పుస్తకం లాంటి గట్టి వస్తువు మీద సీసాను లెక్కప్రకారం కొడతారు. ఇది మొదటి పొటెన్సీ. ఇందులో నుంచి ఒక చుక్క తీసి మరో 99 చుక్కల్లో వేసి మళ్ళీ కొడితే రెండవది. ముప్పైసార్లు ఇలా చేసినదే దుకాణంలో కనిపించే 30. నీటిలో కరగని సున్నం, లోహాల వంటి వాటిని పాలచక్కెరతో కలిపి కల్వంలో గంటల తరబడి నూరుతారు. చివరి ద్రవాన్ని చక్కెర గుళికల మీద పోసి ఆరబెడతారు.

మందు పనిచేసేది శరీరంలోని పదార్థం మీద కాదని, మనిషిని నడిపించే కంటికి కనబడని ప్రాణశక్తి మీదనని హానిమాన్ వివరణ. ప్రాణశక్తి అదుపు తప్పడమే రోగమైతే, దానిని సరిదిద్దే మందు కూడా పదార్థరూపంలో ఉండనక్కరలేదు కదా అన్న తర్కం ఇక్కడ కుదురుతుంది. 1828లో ఆయన దీర్ఘవ్యాధులన్నింటికీ సోరా, సైకోసిస్, సిఫిలిస్ అనే మూడు మూలదోషాలను కూడా ప్రతిపాదించాడు గాని, హోమియో వైద్యుల్లోనే వాటి మీద ఏకాభిప్రాయం లేదు.

బాక్స్: సీసా మీది అంకెలు
అంకె పక్కన ‘సి’ ఉంటే ఒక్కొక్క మెట్టుకు 100 వంతుల పలుచన, ‘ఎక్స్’ ఉంటే 10 వంతుల పలుచన. 6ఎక్స్ అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం, 6సి అంటే లక్ష కోట్ల భాగాల్లో ఒక భాగం. మెట్టుకు 50,000 వంతుల చొప్పున పలుచన చేసే ‘ఎల్ఎం’ పద్ధతిని హానిమాన్ చివరి రోజుల్లో రూపొందించగా, దానిని వివరించిన ‘ఆర్గనాన్’ ఆరవ కూర్పు ఆయన చనిపోయిన చాలా కాలానికి, 1921లో అచ్చయింది.

పదార్థం అయిపోయే చోటు

బియ్యం బస్తాలో రమారమి పది లక్షల గింజలున్నాయనుకుంటే, దానిని నూరు సమభాగాలు చేసి ఒకదానిని ఉంచుకున్నప్పుడు పదివేల గింజలు, దానిని మళ్ళీ నూరు చేస్తే నూరు గింజలు, మూడోసారి ఒకే ఒక గింజ మిగులుతాయి. నాలుగోసారి పంచితే నూరు భాగాల్లో తొంభై తొమ్మిదింట ఏమీ ఉండదు. పదార్థం కూడా ఇలాంటి గింజలతోనే, అంటే అణువులతోనే, తయారైంది గనుక దాని పంపకానికీ ఒక చివర ఉంటుంది. ఆ చివర ఎక్కడ వస్తుందో చెప్పేది అవగాడ్రో సంఖ్య: 18 గ్రాముల నీటిలో 6 పక్కన 23 సున్నాలు వేసినన్ని అణువులుంటాయి. ఈ సంఖ్యను మొదటిసారి అంచనా కట్టడానికి వీలు కల్పించిన లెక్క 1865లో వచ్చింది. అప్పటికి హానిమాన్ పారిస్‌లో కన్నుమూసి ఇరవై రెండేళ్ళయింది.

నూరేసి వంతుల చొప్పున పన్నెండుసార్లు పలుచన చేస్తే, 1 పక్కన 24 సున్నాలు వేసినన్ని వంతులవుతాయి. అంటే 12సి దాటేసరికి సీసాలో మూలపదార్థపు అణువు ఒక్కటైనా ఉంటుందన్న భరోసా పోతుంది. 30సి దగ్గర ఈ వంతులు 1 పక్కన 60 సున్నాలు. భూమి మీది సముద్రాలన్నింటిలోని నీటి అణువులు దాదాపు 5 పక్కన 46 సున్నాలు మాత్రమే కాబట్టి, 30సి మందులో ఒక్క అసలు అణువు దొరకాలంటే ఇలాంటి భూగోళాలు ఇరవై లక్షల కోట్ల దాకా కావాలి, వాటి సముద్రాలన్నీ వడగట్టాలి. 200 పొటెన్సీకి పోలిక చెప్పడానికి తెలిసిన విశ్వమే చాలదు.

అణువు లేకపోయినా నీరు దానిని గుర్తుపెట్టుకుంటుందేమోనన్న ఊహ ఇక్కడినుంచే పుట్టింది. ఫ్రాన్స్‌కు చెందిన జాక్ బెన్‌వెనిస్ట్ బృందం, ప్రతిరక్షకాలను ఒక్క అణువూ మిగలనంతగా పలుచన చేసినా తెల్లరక్తకణాలు స్పందిస్తున్నాయని 1988లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించి సంచలనం రేపింది. ఆ పత్రిక సంపాదకుడు జాన్ మాడాక్స్, శాస్త్రపరిశోధనల్లోని మోసాలను వెలికితీయడంలో పేరున్న వాల్టర్ స్టూవర్ట్, ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ కలిసి ఆ ప్రయోగశాలకే వెళ్ళి, ఏ గొట్టంలో మందుందో ఏ గొట్టంలో ఉత్తనీరుందో ప్రయోగం చేసేవారికి తెలియకుండా సంకేతాలు వేసి చూడగా, స్పందన మాయమైంది. నీటి అణువులు ఒకదానినొకటి పట్టుకున్న పట్లు సెకనులో లక్షకోట్లవ వంతు పాటి వ్యవధిలోనే వీడి కొత్తవి ఏర్పడుతుంటాయి. అంతటి చంచలమైన అమరికలో ఏళ్ళ తరబడి నిలిచే గుర్తుకు ఆస్కారం కనిపించదు. పైగా గుళిక మీద పోసిన ద్రవం ఆరిపోయాక మిగిలేది చక్కెరే గనుక, నీటికి జ్ఞాపకం ఉన్నా అది చక్కెరకు ఎలా అందిందో వేరుగా చెప్పవలసి ఉంటుంది.

సింకోనా ప్రశ్నకు సికింద్రాబాదులో జవాబు

హానిమాన్‌ను కదిలించిన తొలిప్రశ్నకు, సింకోనా చలిజ్వరాన్ని ఎందుకు తగ్గిస్తుందన్నదానికి, విజ్ఞానశాస్త్రం వేరే దారిలో జవాబు పట్టింది. బెరడులో పనిచేసే క్వినైన్‌ను 1820లో ఫ్రెంచి రసాయనవేత్తలు పెలెటియర్, కావెంటూ విడదీశారు. చలిజ్వరపు రోగి నెత్తురులో పరాన్నజీవి ఉన్నదని 1880లో అల్జీరియాలో లావెరాన్ చూశాడు. ఆ జీవి దోమ కడుపులో పెరుగుతున్నదని 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ కనిపెట్టాడు. క్వినైన్ ఎర్రరక్తకణాల్లో దాగిన ఆ పరాన్నజీవిని చంపుతుంది కాబట్టే జ్వరం దిగుతుంది. అది మలేరియాను పుట్టించదు, దాని లక్షణాలను పోలిన లక్షణాలు పుట్టించడం వల్ల పనిచేయదు. సింకోనా పడని కొద్దిమందిలో జ్వరం, వణుకు కనిపించే అవకాశం ఉంది, హానిమాన్‌కు జరిగినది అదే కావచ్చు. ఒక మనిషి ఒంటికి పడని మందు ఒక వైద్యవిధానానికి పునాది వేసిందన్నమాట.

నూరెంబర్గ్ ఉప్పు పరీక్ష

సిద్ధాంతం తప్పయినంత మాత్రాన మందు పనిచేయకూడదని లేదు, పనిచేస్తున్నదో లేదో పరీక్షించి చూడవచ్చు. అలాంటి పరీక్ష హానిమాన్ బతికి ఉండగానే, 1835లో నూరెంబర్గ్ నగరంలో జరిగింది. హోమియోపతికి అక్కడి సంపన్నుల్లో ఆదరణ పెరుగుతున్నదని కలతపడిన ఒక వైద్యాధికారి విమర్శ రాయగా, స్థానిక హోమియో వైద్యుడొకడు చేతనైతే మందు వేసుకుని చూడమని సవాలు విసిరాడు. నగరపౌరులు ఒక సత్రంలో అందరి ఎదుట చేరి, నూరు సీసాలకు అంకెలు వేసి, కలగలిపి, రెండు సగాలు చేసి, ఒక సగంలో మంచు కరిగించి శుద్ధిచేసిన నీరు, రెండవ సగంలో అదే నీటితో 30సి దాకా పలుచన చేసిన మామూలు ఉప్పు నింపారు. ఏ అంకె సీసాలో ఏమున్నదో రాసిన జాబితాకు సీలు వేశారు. సీసా తీసుకున్నవారికి గాని, ఇచ్చినవారికి గాని, వారు చెప్పినది రాసుకున్నవారికి గాని లోపలి సంగతి తెలియదు. మూడు వారాల తర్వాత లెక్క చూస్తే, యాభై మందికి పైగా పాల్గొన్నవారిలో ఏదో తేడా తోచిందన్నవారు ఎనిమిది మంది. వారిలో ఐదుగురు తాగినది ఉప్పు మందు, ముగ్గురు తాగినది ఉత్తనీరు. నేడు ఏ కొత్త మందుకైనా తప్పనిసరి అయిన పరీక్షాపద్ధతికి ఇది తొలి నమూనాల్లో ఒకటి.

తర్వాతి కాలపు పరీక్షల చరిత్ర ఇంత సూటిగా లేదు. 89 పరీక్షలను కలిపి చూసిన జర్మన్ పరిశోధకుల బృందం 1997లో ‘లాన్సెట్’ పత్రికలో, హోమియో ఫలితాలన్నీ నమ్మకం వల్లనే కలిగాయని చెప్పలేమని, అయితే ఫలానా రోగానికి పనిచేస్తుందనడానికీ చాలినంత ఆధారం లేదని రాసింది. అదే బృందం రెండేళ్ళకు, పరీక్ష ఎంత పకడ్బందీగా జరిగితే ఫలితం అంత తగ్గుతున్నదని చూపింది. 2005లో స్విట్జర్లాండ్ పరిశోధకులు 110 హోమియో పరీక్షలను, వాటికి జోడీగా 110 ఇంగ్లీషు వైద్యపరీక్షలను పక్కపక్కన పెట్టి, నాణ్యమైన పెద్ద పరీక్షలను మాత్రమే మిగిల్చినప్పుడు ఇంగ్లీషు మందుల ప్రభావం నిలిచిందని, హోమియో ప్రభావం ఉత్తుత్తి మందు స్థాయికి పడిపోయిందని తేల్చారు. ఆస్ట్రేలియా జాతీయ వైద్యపరిశోధన మండలి 2015లో, హోమియోపతి పనిచేస్తుందని నమ్మదగిన ఆధారమున్న రోగం ఒక్కటీ లేదని ప్రకటించింది. ఫ్రాన్స్ ప్రభుత్వం 2021 నుంచి హోమియో మందుల ఖర్చును ఆరోగ్యబీమా కింద తిరిగి చెల్లించడం మానేసింది.

మరి గుణం కనిపిస్తున్నదెందుకు?

హోమియో మందుతో తగ్గిందని చెప్పేవారు తెలుగునాట ప్రతి వీధిలో ఉంటారు, వారు అబద్ధమాడుతున్నారనుకోవడం పొరపాటు. జలుబు, అమ్మవారు, చాలా రకాల విరేచనాలు వాటంతట అవే తగ్గుతాయి. ఆస్తమా, పార్శ్వపు తలనొప్పి, చర్మవ్యాధుల వంటివి పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. బాధ పతాకస్థాయిలో ఉన్నప్పుడే మనిషి వైద్యుడి గుమ్మం తొక్కుతాడు గనుక, ఆ తర్వాత ఏం చేసినా, ఏమీ చేయకపోయినా, తగ్గుదల కనిపించే అవకాశమే ఎక్కువ. నమ్మకంతో తీసుకున్న ఉత్తుత్తి మాత్ర కూడా నొప్పిని, వికారాన్ని, ఆందోళనను కొంత తగ్గించగలదు. పసిపిల్లలకు తగ్గింది కదా అనేవారున్నారు గాని, తల్లి ఆందోళన తగ్గడమూ, బిడ్డ ఎలా ఉన్నాడో చెప్పేది ఆ తల్లే కావడమూ లెక్కలోకి తీసుకోవాలి.

వీటికి తోడు వైద్యుడి విచారణ ఉంది. బ్రిటన్‌లో రుమటాయిడ్ కీళ్ళవాతంతో బాధపడుతున్న 83 మంది మీద జరిగి 2011లో వెలువడిన పరీక్షలో కొందరికి హోమియో విచారణతో మందు, కొందరికి విచారణతో ఉత్తుత్తి మందు, కొందరికి విచారణ లేకుండా మందు ఇచ్చి చూస్తే, మేలు జరిగినది విచారణ వల్ల, మందు వల్ల కాదని తేలింది. క్షణాల్లో చీటీ రాసి పంపే ఆస్పత్రుల మధ్య, గంటసేపు కూర్చోబెట్టి నిద్ర గురించీ దిగులు గురించీ అడిగే మనిషి వైపు జనం మొగ్గడం ఆ ఆస్పత్రులకే ఎత్తిపొడుపు.

చరిత్రలో హోమియోపతికి దక్కిన పేరు వెనుక మరో కారణం కూడా ఉంది. 1854 కలరాలో లండన్ హోమియోపతి ఆస్పత్రిలో 61 మంది కలరా రోగుల్లో 10 మంది చనిపోగా, ఇతరచోట్ల సగానికి పైగా పోయారు. నీరు హరించి పడి ఉన్న రోగికి నెత్తురు తీసి, విరేచనాలయ్యే మందు వేసే వైద్యం పక్కన, ఏ మందూ లేని చుక్కలు ప్రాణరక్షకాలుగా నిలవడం వింతేమీ కాదు.

భారతదేశంలో

1839లో లాహోర్‌లో మహారాజా రంజిత్ సింగ్‌కు చికిత్స చేసిన హోనిగ్‌బెర్గర్ అనే ట్రాన్సిల్వేనియా వైద్యుడితో హోమియోపతి ఈ దేశంలో అడుగుపెట్టింది. మహారాజు ఆ ఏడే మరణించినా, వైద్యం నిలిచింది. బెంగాల్‌లో దానికి పెద్దదిక్కు అయిన మహేంద్రలాల్ సర్కార్, కలకత్తా విశ్వవిద్యాలయం ఎం.డి. పట్టా పొంది మొదట హోమియోపతిని ఎగతాళి చేసి, 1867లో బాహాటంగా అటు మారి, తోటి వైద్యుల వెలికి గురయ్యాడు. 1876లో కలకత్తాలో ఆయనే స్థాపించిన విజ్ఞానసంస్థలో సి.వి.రామన్ 1928లో తన పేరిట ప్రసిద్ధమైన కాంతి ప్రభావాన్ని కనిపెట్టాడు. తెలుగు ప్రాంతాల్లో గుడివాడ, రాజమహేంద్రవరం, కడప, హైదరాబాదుల్లో ప్రభుత్వ హోమియో కళాశాలలున్నాయి. రాజమహేంద్రవరం కళాశాలకు సినీనటుడిగా అందరికీ తెలిసిన హోమియో వైద్యుడు అల్లు రామలింగయ్య పేరు, హైదరాబాదు కళాశాలకు పొట్టి శ్రీరాములు పేరుతో పాటు సరోజినీ నాయుడు కుమారుడు, హోమియో వైద్యుడు జయసూర్య పేరు పెట్టారు. 1973 నాటి కేంద్రచట్టం, దాని స్థానంలో వచ్చిన 2020 చట్టం ఈ విద్యకు, వృత్తికి అధికారిక గుర్తింపు ఇచ్చాయి. ఐదున్నరేళ్ళ బి.హెచ్.ఎం.ఎస్. చదువులో విద్యార్థి శరీరనిర్మాణం, రోగవిజ్ఞానం కూడా చదువుతాడు కాబట్టి, ఉదయం తరగతిలో క్వినైన్ పరాన్నజీవిని చంపడం గురించి, మధ్యాహ్నం తరగతిలో ‘ఆర్గనాన్’ గురించి వినవలసిన పరిస్థితి అతనిది.

అపాయం ఎక్కడుంది?

అణువు మిగలని గుళిక స్వతహాగా హాని చేయదు. తక్కువ అంకె ఉన్న మందుల సంగతి వేరు: మదర్ టింక్చర్లలో, 2ఎక్స్, 3ఎక్స్ వంటి వాటిలో అసలు విషం నిజంగానే ఉంటుంది. పళ్ళు వచ్చే పిల్లలకని అమ్మిన కొన్ని హోమియో మాత్రల్లో బెల్లడోనా విషం ఒక్కో మాత్రలో ఒక్కో రకంగా ఉన్నదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించవలసి వచ్చింది. ఇంతకంటే పెద్ద అపాయం కాలం చేజారడం. ఇన్సులిన్ మానేసిన మధుమేహరోగికి, గడ్డను ఏడాది దాచుకున్న స్త్రీకి, నష్టం చేసేది గుళిక కాదు, గుళిక మీద భరోసాతో గడిచిన రోజులు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో, ఎయిడ్స్, క్షయ, మలేరియా, ఇన్‌ఫ్లుయెంజా, పసిపిల్లల విరేచనాలు అనే ఐదింటికి హోమియోపతిని వాడవద్దని స్పష్టంగా చెప్పింది. వీటిలో చివరిదానికి కావలసిన మందు ప్రతి ఆరోగ్య ఉపకేంద్రంలోనూ దొరుకుతుంది: పొట్లంలోని చక్కెర, లవణాలు లీటరు నీటిలో మొత్తంగా కరగాలి, పొట్లం మీద రాసినదానికంటే పలుచన కాకూడదు.